మారిషస్ పోతే పోర్ట్ లూయిస్‌కి కారు ప్యాకేజీ మాత్రం తీసుకోబాకండి

మా నెల్లూరోళ్ళకి మారిషస్ అంటే బీచి, బోటు, హనీమూన్ ఫోటోలు, అంతే. నేనూ అట్టే అనుకొని పోయినా. రాజధాని పోర్ట్ లూయిస్ కూడా చూద్దామని హోటలోళ్ళు చెప్పిన ఒక కారు సర్వీసు బుక్ చేసినాం. ఆ సర్వీసుకి 5కి 1 ఇస్తా, ఊరికి మాత్రం 4. డ్రైవరు పొద్దున్నే దార్లో పడవ బొమ్మల షోరూం కాడ ఆపి, మా అత్త ఒకటి కొనిందాకా కదిలితే ఒట్టు, ఇంక ఊర్లో మాకు మిగిలింది రెండు గంటలు. కోపమొచ్చి మర్నాడు మేమే గ్రాండ్ బే కాడ బస్సెక్కి పోయినాం, అదే అసలు టూరు.

ముందు ఆప్రవాసి ఘాట్‌కి పోండి, అంటే ఓడల్లో వచ్చిన కూలీల్ని దించిన పాత డిపో, టికెట్ లేదు. కంటికి కనిపించేది తక్కువేనబ్బా, ముందే చెప్తున్నా, రాతి గోడలు, పాత వంటగది, ఆస్పత్రి గదులు, కొన్ని మెట్లు. చెరుకుతోటల్లో కూలికని 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షలమందిని, ఎక్కువగా మన దేశం నుంచే, ఈ దీవికి తెచ్చారంట, 1849లో ఈ డిపో కట్టినాక ఈడే దించి, పేర్లు రాసుకొని తోటలకి పంపేవాళ్ళు. మన తెలుగోళ్ళని కొరింగీలు అనేవాళ్ళంట, కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడ ఎక్కినారని. కృష్ణపట్నం పక్కన పెరిగిన నాకు ఓడ అంటే బొగ్గే గుర్తొస్తది, మనుషుల్ని అట్టా దించినారంటే ఆ మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయినా, మా ఆయన ఫోటో తీస్తానన్నా వద్దన్నా. ఇప్పటికీ ఆ దేశంలో ఉగాదికి సర్కారు సెలవు, తెలుసా!

ఆడనుంచి నడిచే దూరంలోనే సెంట్రల్ మార్కెట్. ఈడ ధాల్ పూరీ తినకుండా రాబాకండి. పప్పు ఉడకబెట్టి పొడి చేసి లోపల కూరి కాలుస్తారు, బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి, బీన్స్ కూర, పచ్చడి పూసి రెండు కలిపి చుట్టిస్తారు. బో ఉంది. మన కారానికి అలవాటైనోళ్ళు మిరపకాయ పచ్చడి ఇంకొంచెం అడగండి, సిగ్గుపడబాకండి.

బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి చాలా అరుదైన తపాలా స్టాంపులు రెండున్నాయి, వెలుతురుకి రంగు పోద్దని అసలువాటికి గంటకోసారి కాసేపే లైటేస్తారు, మిగతా టైములో నకళ్ళే. మేం పోయేసరికి ఆరిపోయింది. మీరు పోంగానే టైం కనుక్కోండి. సిటాడెల్ కోట ఎక్కితే రేవు, 1812 నుంచి గుర్రప్పందేలు జరిగే షాం ద మార్స్ మైదానం అన్నీ కింద కనిపిస్తాయి, కానీ మధ్యాహ్నం ఎండలో ఎక్కబాకండి, మేం ఎక్కి మాడిపోయినాం. ఆదివారం కూడా వద్దు, షాపులు చాలావరకు మూసేసుంటాయి.

మా అత్త కొన్న పడవ బొమ్మకి సూట్‌కేసులో తెరచాప కొయ్య విరిగింది, ఫెవిక్విక్ పెట్టి టీవీ పక్కన నిలబెట్టింది.