నల్లమల నుంచి పెరియార్ దాకా: నాలుగు పులుల అడవులు, బస, సఫారీ, నిర్వహణ

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది దాటితే బండిని ముందుకు పోనివ్వరు. మళ్లీ పొద్దున ఆరింటికే గేటు తీస్తారు. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌కూ ఇదే నియమం. హైదరాబాదు నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. సాయంత్రం ఆరున్నరకు నగరం దాటుతూ తొమ్మిదిలోపు చేరిపోతాం అనుకునేవాళ్లు చాలామంది గేటు బయటే తెల్లవారేదాకా కూర్చుంటారు. ఈ ఆంక్ష అవసరమైనదే. రాత్రిపూట దుప్పి, కణుజు, అడవిపంది రోడ్డు దాటుతుంటాయి. హెడ్‌లైటు కళ్లలో పడితే దుప్పి పరుగెత్తదు, ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. వెచ్చగా ఉండే తారు మీదికి పాములు చేరతాయి. అడవిని చీల్చుకుంటూ పోయే రహదారిని మూసెయ్యలేనప్పుడు, కనీసం ఆ తొమ్మిది గంటలు జంతువులకు వదలడం ఖర్చులేని పని, ఫలితం మాత్రం పెద్దది.

అమ్రాబాద్ (మన్ననూరు ఉన్న తెలంగాణ నల్లమల), తాడోబా (మహారాష్ట్ర), కన్హా (మధ్యప్రదేశ్), పెరియార్ (కేరళ). ఈ నాలుగింటినీ ఇక్కడ పులి కనిపించే అవకాశంతో తూచడం లేదు. మన పక్కన కూర్చునే గైడు ఏ ఊరివాడు, మనం కట్టిన డబ్బు ఎక్కడికి పోతుంది, లోపలికి ఎన్ని బళ్లు వదులుతున్నారు, ఈ మూడూ చూస్తే చాలు. అడవి బతికితేనే తమకు కూడు అన్న నమ్మకం పక్క ఊళ్లకు ఉన్నచోట నిర్వహణ నిలబడుతుంది. అది లేనిచోట ఎన్ని కంచెలు వేసినా నిలవదు.

ముందు ఒక నియమం తెలిసి ఉంటే చాలా నిరాశ తప్పుతుంది. పులుల అభయారణ్యంలో లోపలి కోర్, దాని చుట్టూ ఉండే బఫర్ అని రెండు భాగాలుంటాయి. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి తెరవకూడదు. అందుకే జిప్సీ (సఫారీకి వాడే టాపులేని జీపు) తిరిగే జోన్ మొత్తం అడవిలో చిన్న ముక్క. మిగతా అడవి చూపించమని గైడుని ఒత్తిడి పెడితే అతని ఉపాధికే ఎసరు.

అమ్రాబాద్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల, ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్–శ్రీశైలం 3,296, దేశంలో అన్నిటికన్నా పెద్దది. రాష్ట్ర విభజనకు ముందు రెండూ ఒకటే. ఇంత పెద్ద అడవిలో పులి కనిపించడం అరుదు. నేల రాతి నేల, అడవి ఎండుటాకుల అడవి, వేసవిలో నీరు తక్కువ, కాబట్టి దుప్పి మందలు కన్హాలో ఉన్నంత దట్టంగా ఉండవు. ఆహారం పలచగా ఉంటే పులి తిరిగే పరిధి పెద్దదవుతుంది. ఇక్కడి ఫర్హాబాద్ సఫారీకి వెళ్లేవాళ్లు వ్యూపాయింట్ కోసం, ఎలుగుబంటి జాడ కోసం, కొండముచ్చు హెచ్చరిక కేక కోసం వెళ్లాలి.

ఇక్కడి అసలు బలం చెంచులు. అడవి లోపలి పెంటల్లో, అంటే తమ గూడేల్లో, ఇప్పటికీ ఉంటున్నారు. బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది, కెమెరా ట్రాప్‌లు పెట్టేది, వేసవి మంటలు ఆర్పేది ఎక్కువగా చెంచు యువకులే. గైడులూ వాళ్లే. ఏ చెట్టు బంక ఎప్పుడు తియ్యాలో, ఏ కుంటలో ఏ నెల దాకా నీళ్లుంటాయో వాళ్లని అడిగితేనే తెలుస్తుంది. జంతువు కనిపించలేదని గైడు మీద విసుక్కునే బదులు ఇలాంటివి అడిగితే సఫారీకి రెట్టింపు విలువ వస్తుంది. ఆంధ్ర వైపు ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల దగ్గర పచ్చర్ల క్యాంపుల్లోనూ గైడులు స్థానికులే. బస సాదాగా ఉంటుంది, కరెంటు పోతుంది, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. బుకింగ్ అటవీశాఖ ద్వారానే చేసుకోవాలి. నేరుగా వెళితే గది దొరక్కపోవచ్చు.

ఫిబ్రవరి, మార్చిలో వెళితే రోడ్డు పక్కన నల్లగా కాలిన పట్టీలు కనిపిస్తాయి. అడవి తగలబడిందని కంగారు పడక్కర్లేదు. అవి ఫైర్ లైన్లు. ఎండలు ముదరకముందే ఆకు ఊడ్చి, సిబ్బంది దగ్గరుండి కాల్చేస్తారు. తర్వాత ఎవరైనా బీడీ ముక్క విసిరినా, మంట ఆ పట్టీ దగ్గరికొచ్చి తినడానికేమీ లేక ఆగిపోతుంది. గాలి బలంగా వీస్తే మాత్రం నిప్పురవ్వలు పట్టీ దాటేస్తాయి. అందుకే వేసవిలో కాపలా మానరు. అక్కడక్కడ కనిపించే పళ్లెం ఆకారపు సిమెంటు తొట్లు సాసర్ పిట్లు. ట్యాంకరుతోనో సోలార్ బోరుతోనో నింపుతారు. అంచు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే దాహానికొచ్చిన పిల్ల జంతువు అందులో పడి పైకి రాలేదు.

ఈ రోడ్డులో యాత్రికులు చేసే పెద్ద హాని కోతులకు అరటిపళ్లు విసరడం. పుణ్యమనుకుంటారు. తిండి కోసం కోతులు రోడ్డు అంచునే కాపురం పెడతాయి, బళ్ల కింద పడతాయి. పండుతో పాటు పారేసిన ప్లాస్టిక్ సంచి దుప్పి కడుపులోకి పోతుంది.

తాడోబా తెలుగువాళ్లకు దగ్గర. కాజీపేట–నాగపూర్ లైనులో చంద్రపూర్ దిగితే మొహర్లీ గేటు ముప్ఫై కిలోమీటర్ల దూరం. కోర్ దాదాపు 625 చదరపు కిలోమీటర్లే, పులుల సాంద్రత ఎక్కువ, వేసవిలో అవి కుంటల దగ్గరికి తప్పక వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కనిపించే అవకాశం బాగా పెరుగుతుంది, కానీ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పిల్లలతో మధ్యాహ్నం సఫారీ వద్దు. మంగళవారం సెలవు. కోర్ సఫారీలో సెల్‌ఫోన్ అనుమతించరు, ఫోటోలు కావాలంటే కెమెరా తెచ్చుకోవాలి. ఒకచోట పులి కనిపిస్తే ఆ కబురు ఫోన్లలో పాకి బళ్లన్నీ అక్కడే మూగడం, సెల్ఫీల కోసం జిప్సీల్లోంచి వేలాడడం, ఇవి తగ్గాలంటే ఇంతకన్నా సులువైన మార్గం లేదు. మిగతా పార్కులూ దీన్ని గట్టిగా పాటిస్తే బాగుంటుంది.

గది తీసుకునే ముందు గేటు పేరు చూసుకోవాలి. మొహర్లీ పర్మిట్‌తో కొలారా వైపు గది తీసుకుంటే అడవి చుట్టూ తిరిగి రావాలి, పొద్దుటి సఫారీ సగం రోడ్డు మీదే అయిపోతుంది. కోర్ టికెట్ దొరక్కపోతే అగర్జరీ, జునోనా లాంటి బఫర్ గేట్లు చిన్నచూపు చూడవద్దు. పులికి హద్దురాళ్లు తెలియవు. పైగా బఫర్‌లో నడిచే జిప్సీలు, గైడు పనులు పక్క ఊళ్లకు బతుకుతెరువు. చంద్రపూర్ జిల్లాలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి వెళ్లి పులి దాడిలో చనిపోయినవాళ్లున్నారు. ఆ ఊళ్లకు పులి వల్ల నష్టమే తప్ప లాభం లేకపోతే వాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు? అందుకే బఫర్ సఫారీ డబ్బు ఊరికి చేరడం ముఖ్యం.

కన్హా విషయంలో పులిని పక్కన పెట్టి బారసింగా అనే జింక గురించి చెప్పాలి. గట్టి నేల మీద బతికే ఈ ఉపజాతి 1970 నాటికి 66కు పడిపోయింది. అది దాదాపు గడ్డి మీదే బతుకుతుంది, పిల్లల్ని పొడుగు గడ్డిలో దాస్తుంది, మైదానం పోతే అదీ పోతుంది. అడవి మధ్యలో కంచె వేసి, వేటాడే జంతువులు రాకుండా కొన్నిటిని పెంచి బయటికి వదిలారు. ఊళ్లు తరలించిన చోట పొలాలు గడ్డి మైదానాలుగా మారాయి. ఇప్పుడు వాటి సంఖ్య వెయ్యి దగ్గరికొచ్చింది. 2015లో కొన్నిటిని సాత్పురాకు కూడా పంపారు. ఒకే అడవిలో ఉంటే ఒక్క రోగంతో మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు మరి.

మైదానం తనంతట తాను మైదానంగా నిలవదు. మొక్కలు మొలిచి అడవి కమ్ముకొస్తుంది. ఏటా మొలకలు పీకాలి, గడ్డిని భాగాలుగా కాల్చాలి, ఒకేసారి మొత్తం కాలిస్తే పిల్లలకు దాగే చోటుండదు. లాంటానా అనే కలుపు పొదను పైపైన నరికితే వర్షాలకు మళ్లీ చిగురిస్తుంది. మట్టి కింద వేరుమొదలు దగ్గర కోసి తలకిందులుగా పెట్టాలి, ఆ తర్వాత రెండు మూడేళ్లు కొత్త మొలకలు ఏరాలి. గైడు జిప్సీ ఆపి చూపించకపోతే ఈ పని మన కంటికి ఆనదు.

ఆ మైదానాల కోసం ఊళ్లు వదిలి వెల చెల్లించింది మాత్రం బైగా, గోండు ఆదివాసీ కుటుంబాలు. కన్హా గడ్డిలో గంతులేసే బారసింగాను చూసి మురిసేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలి. చెంచుల్ని అడవిలోనే ఉంచి కాపలా అప్పగించిన నల్లమల పద్ధతి కష్టమైనది, నెమ్మదైనది, అయినా అదే న్యాయం.

కన్హా ఏర్పాట్లు నాలుగింటిలోకీ క్రమపద్ధతిలో ఉంటాయి. ఆన్‌లైన్‌లో కట్టేది ప్రవేశ రుసుము, జిప్సీకీ గైడుకీ వేరే కట్టాలి. టికెట్ మీది గుర్తింపు కార్డు ఒరిజినల్ లేకపోతే లోపలికి వదలరు. బుధవారం మధ్యాహ్నం సఫారీ లేదు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కోర్ మూత. ఖటియా గేటు, ముక్కి గేటు అడవికి రెండు వైపులా ఉన్నాయి, గది అదే వైపు తీసుకోవాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, టాపులేని జిప్సీలో చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ లేకుండా నాలుగు గంటలు కూర్చోవడం నరకం. బసలో ఈత కొలను ఉందా అని కాకుండా, రాత్రి ఆవరణలో ఫ్లడ్‌లైట్లు వేస్తారా, చుట్టూ పెద్ద గోడ కట్టారా అని అడగండి. గోడ జంతువుల దారికి అడ్డం, వెలుగు రాత్రి తిరిగేవాటికి అడ్డం.

పెరియార్‌లో జిప్సీ పరుగులు లేవు. తేక్కడిలో సొంత బళ్లు బయట ఆపి అటవీశాఖ బస్సులో పడవల రేవుకు వెళ్లాలి. 1895లో కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట వల్ల ఏర్పడ్డ సరస్సు అది. 2009లో పర్యాటక పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ ఎంత ఉక్కపోసినా విప్పవద్దు, జంతువు కనిపించిందని అందరూ ఒకే వైపుకు పోవద్దు. పడవలో గోల ఎక్కువ, ఏనుగులు దూరంగా చుక్కల్లా కనిపిస్తాయి. డబ్బుకు తగ్గ అనుభవం కావాలంటే వెదురు తెప్పల మీద రోజంతా సాగే యాత్ర తీసుకోవాలి. నడక, తెప్ప, సాయుధ గార్డు, చిన్న గుంపు. వర్షాకాలంలో జలగలకు మందపాటి మేజోళ్లు తప్పనిసరి.

టైగర్ ట్రెయిల్ అనే అడవి నడకలో మనల్ని నడిపించేవాళ్లు ఒకప్పుడు అడవి దాల్చినచెక్క దొంగతనంగా ఒలుచుకుపోయినవాళ్లు. 1990ల చివర్లో ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు కింద వాళ్ల కేసుల విషయం తేల్చి, గైడులుగా పని ఇచ్చారు. దొంగలు వచ్చే దారులు వాళ్లకన్నా ఎవరికి తెలుసు? స్థానిక మహిళలు వసంతసేన పేరుతో 2002 నుంచి జీతం లేకుండా వంతులవారీగా గస్తీ తిరుగుతున్నారు. టికెట్ మీద వసూలు చేసే సర్‌చార్జి పెరియార్ ఫౌండేషన్‌కు వెళుతుంది, అక్కడి నుంచి అడవి పనులకూ ఊళ్లకూ. 2022 నిర్వహణ మదింపులో దేశంలోని పులుల అభయారణ్యాల్లో పెరియార్ మొదటి స్థానంలో నిలిచింది.

తొలిసారి వెళ్లేవాళ్లు నవంబరులో అమ్రాబాద్, ఫిబ్రవరిలో కన్హా పెట్టుకోవచ్చు. ఎండకు తట్టుకోగలిగితే ఏప్రిల్ మొదట్లో తాడోబా. పెరియార్ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, కానీ వెదురు తెప్పకు తక్కువ మందినే తీసుకుంటారు కాబట్టి ముందు ఆ టికెట్ చేతికొచ్చాకే గదీ రైలూ చూసుకోవాలి.