సియాటిల్ వానల్లో పికిల్‌బాల్: పార్కు కోర్టా, ఇండోర్ హాలా?

చిల్లుల ప్లాస్టిక్ బంతిని ప్యాడిల్ అనే చదును బ్యాట్‌తో నెట్ మీదుగా కొట్టే ఆట పికిల్‌బాల్. అది పుట్టింది సియాటిల్ పక్కనే, బైన్‌బ్రిడ్జ్ దీవిలో, 1965లో. అయినా అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ ఊళ్లో బయట ఆడాలంటే ముందు ఆకాశం వంక చూడాల్సిందే.

పార్కు కోర్టుకి మామూలుగా డబ్బులక్కర్లేదు. ప్యాడిల్ వరుసలో పెడితే మన వంతు వస్తుంది, ముక్కూమొహం తెలియనివాళ్లతో జోడీ కుదురుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. డిసెంబరులో నాలుగున్నరలోపే పొద్దుగుంకుతుంది. జల్లు ఆగినా కోర్టు వెంటనే ఆరదు. వైపర్‌తో నీళ్లు తోసేసినా రంగు గీతల మీద తడి మిగిలి కాలు జర్రున జారుతుంది. మోకాళ్ల మీద ప్రేమ ఉంటే తడి కోర్టు జోలికి పోవద్దు.

కమ్యూనిటీ సెంటర్ హాల్లో ఆ టెన్షన్ లేదు, గాలి గోల అసలే లేదు. కాకపోతే ఫీజు, టైమ్ స్లాట్, పైగా బాస్కెట్‌బాల్ గీతల మధ్య మన గీతలు వెతుక్కోవాలి. బంతి కూడా వేరు: బయటిదానికి సాధారణంగా 40 చిన్న రంధ్రాలు, లోపలిదానికి 26 పెద్దవి, కాస్త మెత్తన. చెక్క నేల మీద మరక పడని సోల్ ఉన్న బూట్లు తప్పనిసరి.

నన్నడిగితే చలికాలం హాలుకే ఓటు. జులై, ఆగస్టుల్లో మాత్రం లోపల ఆడటం శుద్ధ దండగ.