చిరుతిళ్ళ చెక్క బోర్డు: మూడేళ్ళు వాడాక

ఇంటికి నలుగురొచ్చినప్పుడు టీపాయ్ మీద నాలుగు ప్లేట్లకు బదులు ఒకే బోర్డు పెట్టడం మంచి పద్ధతే, కానీ అన్నిటికీ కాదు. జంతికలు, చెక్కలు, ఉడికించిన పల్లీలు, కోసిన కాయలు, పనీర్ ముక్కలు, రెండు మూడు గిన్నెల్లో పచ్చళ్ళు: వీటికి దీన్ని మించింది లేదు. వేడి వేడి బజ్జీలకూ పాకం కారే స్వీట్లకూ వాడితే మాత్రం తిండీ పాడవుతుంది, చెక్కా పాడవుతుంది.

మేం వాడుతున్నది మామిడి చెక్క. 18 × 12 అంగుళాలు, ముప్పావు అంగుళం మందం, బరువు కిలోన్నర పైచిలుకు, ఒక చివర చెయ్యి దూర్చి పట్టుకోవడానికి కన్నం. మూడేళ్ళలో నెలకి రెండు మూడు సార్లు బయటికొచ్చింది. ఈ సైజు ఆరుగురికి సరిగ్గా సరిపోతుంది. పదిమంది అయితే ఇంకా పెద్దది కొనకండి, ఇలాంటివే రెండు పెట్టండి. పెద్ద బోర్డుకి అటు చివర కూర్చున్నవాళ్ళకి ఇటు చివరున్న పచ్చడి అందదు, ఒక చేత్తో లేపలేం, వంటింటి సింకులో పట్టదు.

ఆరుగురికి, భోజనానికి ముందు రెండు గంటల కబుర్లకి మా లెక్క ఇది. జంతికలు 150 గ్రాములు, పప్పు చెక్కలు 12, పల్లీలు 250 గ్రాములు (ఎండువి, రాత్రి నానబెట్టి ఉప్పేసి కుక్కర్లో నాలుగైదు కూతలు), పనీర్ 200 గ్రాములు 24 ముక్కలుగా, కీర 2, క్యారెట్ 2, దోర జామకాయలు 2, అల్లం పచ్చడి 100 గ్రాములు, పల్లీ చట్నీ 200 గ్రాములు, కొబ్బరి లౌజులు 6. అదే రాత్రి భోజనం అనుకుంటే ఇంతకి ఒకటిన్నర రెట్లు, పైన పెరుగన్నం. అన్నీ ఒకేసారి బోర్డు మీద గుమ్మరించొద్దు. మూడింట రెండొంతులు పెట్టి మిగతాది డబ్బాలోనే ఉంచితే, గంట తర్వాత మళ్ళీ నింపినప్పుడు జంతిక అప్పుడే తీసినట్టు కరకరలాడుతుంది. నిండుగా కనబడాలని మొత్తం పేర్చిన రోజున చివర్లో సగం మెత్తబడి, ఎవరూ ముట్టకుండా మిగిలిపోతుంది.

మెత్తబడటానికి కారణం చాలాసార్లు వాతావరణం కాదు, పక్కనున్న కీర ముక్క. పొడి తిండి చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది. కీర ముక్కకి ఆనుకున్న పప్పు చెక్క పావుగంటలో వంగుతుంది, విరిస్తే చప్పుడు రాదు. అందుకే బోర్డుని మాగాణి, మెట్ట అని రెండు భాగాలు చేసుకుని మధ్యలో గట్టు వేస్తాం. గట్టంటే రెండంగుళాల వెడల్పున మడిచిన అరిటాకు పట్టీ. ఆకుని స్టవ్ మంట మీద రెండు సెకన్లు అటూ ఇటూ ఆడిస్తే చీలకుండా మడత పడుతుంది. ఈనె కోసెయ్యాలి, లేకపోతే పట్టీ బల్లపరుపుగా కూర్చోదు. తడివన్నీ ఒక పక్క, పొడివన్నీ ఇంకో పక్క. గిన్నెలు మాత్రం గట్టు పొడవునా, మధ్య గీత మీద. టీపాయ్‌కి రెండు వైపులా కూర్చున్నవాళ్ళకీ అందుతాయి.

కీరకి ముందే ఉప్పూ కారం చల్లడం మరో తప్పు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, పది నిమిషాల్లో బోర్డు మీద చిన్న మడుగు తయారు. గింజలు గీరేసి, బట్టతో అద్ది, వేలెడు పొడవు ముక్కలు పెట్టి, ఉప్పూకారం వేరే చిన్న గిన్నెలో ఇవ్వండి. జామకాయ ఆఖరి నిమిషంలో కోయాలి. ఆపిల్ పెట్టాలంటే అర లీటరు నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ముంచి తీస్తే నల్లబడటం బాగా తగ్గుతుంది. దానిమ్మ గింజలు చూడ్డానికి బాగుంటాయి గానీ దొర్లిపోయి సోఫా కిందికి చేరతాయి, నలిగితే మరక. మేం మానేశాం.

వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా వైపు, గట్టు వేసినా జంతికలు గంట నిలవ్వు. ఏసీ గదిలో పెడితే నిలుస్తాయి, ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది కాబట్టి. హైదరాబాద్ మే నెలలో ఆ గొడవ లేదు, అక్కడ బెంగ పెరుగుతో చేసిన వాటి గురించే. 32 డిగ్రీలు దాటిన గదిలో పెరుగు డిప్పు, కొబ్బరి చట్నీ, పనీర్ గంటకి మించి బయట ఉంచకూడదు. మామూలు గదిలో రెండు గంటలు. ఐసు గిన్నెలో ఆ గిన్నె పెట్టొచ్చు, కానీ బయటి గిన్నెకి చెమట పట్టి చెక్క మీద గుండ్రటి మచ్చ వేస్తుంది. కింద చిన్న స్టీలు పళ్ళెం తప్పనిసరి.

పచ్చడి గట్టిదనం చూసుకోవాలి. ఇడ్లీకి చేసే జారు చట్నీ ఇక్కడ పనికిరాదు. గిన్నెకీ నోటికీ మధ్య కారేదంతా బోర్డు మీదే పడుతుంది. 100 గ్రాముల వేయించిన పల్లీలకి 100 మిల్లీలీటర్ల నీళ్ళు దాటొద్దు. రుబ్బగానే కాస్త పల్చగా అనిపించినా ఫర్వాలేదు, పల్లీ పిండి నీళ్ళు పీల్చుకుని అరగంటలో తానే బిగుసుకుంటుంది. గిన్నెలు జారకుండా సొరుగుల్లో పరిచే గరుకు మ్యాట్‌ని గిన్నె అడుగంత గుండ్రంగా కత్తిరించి కింద వెయ్యండి.

ఇక ఎంగిలి. విదేశీ ఫొటోల్లో ఈ బోర్డులు చూసి మోజుపడి కొనేవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి ఇది. మన ఇళ్ళల్లో కొరికిన చెక్క మళ్ళీ పచ్చడిలో ముంచితే, ఎవరూ నోరెత్తరు గానీ ఆ గిన్నె జోలికి ఇంకెవరూ పోరు. మనిషికో చిన్న ప్లేటు, గిన్నెకో చెంచా: ఈ రెండూ లేకుండా బోర్డు పెట్టొద్దు. ప్లేటు లేకపోతే జనం బోర్డు మీంచే నేరుగా తింటారు, అక్కడే ఎంగిలి మొదలు. చెక్కలు రెండు రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దవి చాలు, ఒక్కసారే నోట్లో పట్టేలా ఉంటే రెండోసారి ముంచే ప్రశ్నే రాదు. సకినాలు మధ్యకి విరిచి పెట్టండి. పనీర్ ముక్క ముక్కకీ టూత్‌పిక్ గుచ్చి, వాడినవి వెయ్యడానికి పక్కన ఖాళీ కప్పు పెట్టండి. ఆ కప్పులో ముందే మీరే ఒకటి వేసి ఉంచితే చెప్పకుండానే అర్థమవుతుంది. పెద్దవాళ్ళకి వంటింట్లోనే విడిగా పళ్ళెంలో సర్ది చేతికివ్వడం మర్యాద, వాళ్ళకీ హాయి. కార్తీకంలోనో శనివారమో ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళు ఉంటే వాళ్ళ పచ్చడి బోర్డు మీద కాదు, ఆ పళ్ళెంలోనే.

బజ్జీలూ పునుగులూ బోర్డు ఎక్కకూడదన్నాం కదా. నూనెలోంచి తీసిన బజ్జీ ఇంకా ఆవిరి వదులుతూ ఉంటుంది. చదునైన చెక్క మీద ఆ ఆవిరికి కిందినుంచి దారి ఉండదు, రెండు నిమిషాల్లో అడుగు చెమ్మగిల్లుతుంది, నూనె చెక్కలోకి దిగుతుంది. వాటిని చిల్లుల పళ్ళెంలో, రెండో విడతగా తెచ్చి పక్కన పెట్టండి. స్వీట్లలో కాకినాడ గొట్టం కాజా కొరికితే లోపలి పాకం ఎటు చిమ్ముతుందో తెలీదు. పూతరేకులు గాలి తగిలితే మెత్తబడి సాగుతాయి, కాగితం విప్పకుండా ఇవ్వాలి. లౌజులు, సున్నుండలు, బందరు లడ్డు మాత్రం బుద్ధిగా కూర్చుంటాయి.

చెక్క సంగతి. కొత్తగా వచ్చినప్పుడు మాది నిగనిగలాడింది. అమ్మినవాళ్ళు వేసిన వార్నిష్ అది. మొదటి ఏడాదే వేడి గిన్నె పెట్టిన చోట పొరలుగా లేచింది. గరుకు కాగితంతో మొత్తం గీకి నూనె పట్టించాకే దారికొచ్చింది. ఆ నూనె వంట నూనె కాకూడదు. వేరుశనగ, నువ్వుల నూనెలు చెక్కలో ఆరవు, కొన్ని వారాలకి పాత నూనె కంపు కొడతాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ (ఏ రుచీ కలపనిది) వాడండి. వైపుకి టేబుల్ స్పూన్ చొప్పున రుద్ది, రాత్రంతా వదిలి, పొద్దున పొడిబట్టతో తుడవాలి. కొత్త బోర్డుకి వరసగా మూడు రాత్రులు, తర్వాత నెలకోసారి. అవసరమో కాదో తెలుసుకోవడానికి ఒక నీటి బొట్టు వెయ్యండి. ముత్యంలా నిలబడితే సరే, ఇంకి మచ్చ పడితే నూనె అడుగుతున్నట్టు.

పసుపు మరకలు తప్పవు. పసుపులోని రంగు నీళ్ళలో కరగదు, నూనెతో కలిసి చెక్కలోకి దిగుతుంది. ఆవకాయ ఊట పడిన చోట సబ్బు రుద్దగానే మరక పారాణిలా ఎర్రబడితే కంగారు పడొద్దు. క్షారం తగిలితే పసుపు రంగు మారడం మామూలే, నిమ్మచెక్క రుద్దితే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. అసలు మందు ఎండ. వెలుతురుకి ఆ రంగు విరిగిపోతుంది. ఉదయపు ఎండలో అరగంట చొప్పున మూడు నాలుగు రోజులు చాలు. ఏప్రిల్, మే మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే మరకతో పాటు బోర్డూ పోతుంది. మాదానికి రెండో వేసవిలో అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. తేనెమైనం కరిగించి నింపాం, ఇప్పటికీ నిలిచింది.

కడిగేటప్పుడు రెండు వైపులా కడగాలి, నానబెట్టకూడదు, గోడకి నిలబెట్టి ఆరబెట్టాలి. ఒక్క వైపే తడిస్తే ఆ వైపు ఉబ్బి పళ్ళెంలా వంగుతుంది. వంగిందా, లోతుగా ఉన్న వైపుని తడి గుడ్డ మీద రాత్రంతా బోర్లించండి, చాలావరకు సర్దుకుంటుంది. ఉల్లి వాసనకి ఉప్పు, నిమ్మచెక్క. మాంసం దీని మీద కోయొద్దు. చికెన్ వేపుడు పెట్టాలంటే కింద అరిటాకు పరవండి, లేదా విడిగా స్టీలు తాంబాళం వాడండి.

తాంబాళం అంటే గుర్తొచ్చింది: అసలు బోర్డు లేకపోయినా 16 అంగుళాల స్టీలు తాంబాళంలో ఆకు పరిచి ఇదంతా చెయ్యొచ్చు. అంచు ఉంటుంది కాబట్టి ఏదీ దొర్లదు, మరక పడదు. కళాయి పూత లేని ఇత్తడి పళ్ళెం మాత్రం చింతపండు, నిమ్మకాయ, పెరుగు ఉన్న వాటికి వద్దు, పులుపు లోహాన్ని కరిగిస్తుంది.

చెక్కే కావాలంటే ఇప్పుడైతే టేకు తీసుకుంటాం. ధర ఎక్కువే, కానీ మామిడి కంటే నీళ్ళు తక్కువ పీలుస్తుంది, వంగడమూ తక్కువ. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. అడుగున రబ్బరు బుడిపెలు ఉన్నది తీసుకోవద్దు. రెండు వైపులా మార్చి మార్చి వాడగలిగితే మరకలూ అరుగుదలా రెండు ముఖాలకి పంచుకుంటాయి, బుడిపెలుంటే ఎప్పుడూ ఒకే ముఖం మీద భారం.