నలభై ఐదు రూపాయల కాగితం: పాలమూరు, నల్లగొండల్లో మీసేవ ఆదాయ పత్రం, ఈపాస్ ఎట్లున్నయి?

జూన్ పడిందంటే మహబూబ్‌నగర్, నల్లగొండ, దేవరకొండల్లో ఏ జిరాక్స్ షాపు ముందు చూసినా ఒకటే బోర్డు: "ఇన్‌కం, క్యాస్ట్, ఈపాస్ చేయబడును". ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ముందు మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలు తీయాలి, తర్వాత ఈపాస్‌లో, అంటే సర్కారు స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటులో, దరఖాస్తు పెట్టాలి. పేరుకు రెండు సేవలు. తిరిగే మనిషికి మాత్రం ఒకటే దారి, అందుకే సమీక్ష కూడా కలిపే. మార్కులు ముందే చెప్తే: కౌంటరు పనికి ఐదుకు నాలుగు, తహసీల్ ఆఫీసు విచారణకు రెండున్నర, ఆదాయాన్ని కొలిచే పద్ధతికి ఒకటి.

కౌంటరు సంగతి తొందరగానే ఒడుస్తుంది. దరఖాస్తు ఫారం, ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, తెల్లకాగితం మీద స్వీయ ధ్రువీకరణ, ఒక ఫొటో ఉంటే చాలు. స్కాన్ చేసి ఎక్కించడానికి పది నిమిషాలు పట్టదు. ఆదాయ పత్రానికి రసీదు మీద ఉండేది 45 రూపాయలు. ఫారం నింపినందుకు, జిరాక్స్‌లకు ఇంకో యాభయ్యో అరవయ్యో తీసుకుంటే అది షాపు కూలి, దాంట్లో తప్పు లేదు. రసీదు ఇయ్యకుండా "అంతా కలిపి మూడు వందలు, రెండు రోజుల్ల చేపిస్త" అన్న దగ్గర మాత్రం లేచి పక్క షాపుకు పోవాలి. రసీదు మీద ఐసీ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. కాగితం ఏ అధికారి దగ్గర ఆగిందో దాంతోనే తెలుస్తుంది, రేపు ఈపాస్‌లో కొట్టాల్సింది కూడా అదే. కుల పత్రం నంబరు సీఎన్‌డీతో మొదలవుతుంది. ఒకసారి తీసిన కుల పత్రం పనికొస్తూనే ఉంటుంది, ఏటా కొత్తగా తీయమనే షాపు మాట వినొద్దు. ఆదాయ పత్రానికైతే గడువు ఏడాదే. పైగా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చిందే అడుగుతారు, డిసెంబరులో తీసి దాచుకుంటే దండగ.

ఆలస్యమయ్యేది తహసీల్ ఆఫీసులో. మీసేవలో ఎక్కిన దరఖాస్తు గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ దాటి, నాయబ్ తహసీల్దార్ దాటి, తహసీల్దార్ డిజిటల్ సంతకానికి చేరాలి. 2020 సెప్టెంబరులో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేశాక, ఏ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో తెలిసిన మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను వేసేదాకా ఈ పని గిర్దావర్ నెత్తి మీదే పడింది. అన్ని ఊళ్లను ఒక్క మనిషి తిరిగి చూడలేడు కాబట్టి విచారణ ఫోన్‌లోకి దిగింది. ఫోన్ ఎత్తకపోతే కాగితం పెండింగే. అందుకే ఫారంలో ఎప్పుడూ చేతిలో ఉండే ఫోన్ నంబరు రాయాలి. ఊళ్లో అమ్మమ్మ ఫోన్, అదీ పొద్దంతా స్విచాఫ్ ఉండేది, రాసి పది రోజులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు.

వలస పోయిన ఇండ్లకు ఇదే పెద్ద దెబ్బ. నారాయణపేట, మద్దూరు, కోస్గి, కోయిలకొండ వైపు తల్లిదండ్రులు ముంబయిలోనో పుణెలోనో గుంపు మేస్త్రి కింద పనిలో ఉంటారు. పిల్ల ఇక్కడ హాస్టల్లోనో ముసలోళ్ల దగ్గరో ఉంటుంది. ఇంటికి తాళం చూస్తే విచారణాధికారి "స్థానికంగా లేరు" అని రాసి తిరగ్గొడతాడు. వాళ్లు తప్పకుండా ఊరికొచ్చేది పీర్ల పండుగకు, అంటే మొహర్రంకు. 2025లో ఆ పండుగ జూలై మొదటి వారంలో పడింది, 2026లో జూన్ ఆఖరులో. అంటే ఇప్పుడు అడ్మిషన్ల రోజుల్లోనే తల్లిదండ్రులు ఇంట్లో ఉంటున్నారన్నమాట. పండుగ మర్నాడే మీసేవకు తీసుకుపోయి దరఖాస్తు వేయించి, తహసీల్ ఆఫీసులో మొఖం చూపించి పంపితే పని అవుతుంది. మొహర్రం ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ వెసులుబాటు ఎల్లకాలం ఉండేది కాదు.

రేషన్ కార్డుతో ఇంకో చిక్కు ఉంది. చాలా ఏండ్లు కొత్త కార్డులు రాక, పెండ్లయి వేరుపడ్డ కొడుకులు కూడా తండ్రి కార్డులోనే ఉండిపోయారు. 2025 జూలైలో సూర్యాపేట జిల్లా తిరుమలగిరి సభ నుంచి కొత్త కార్డుల పంపిణీ మొదలయ్యాకే కొంత సాఫయింది. ఇప్పటికీ తాత కార్డులో ఉన్న పిల్లకు తాత పేరు మీది భూమి కూడా ఆదాయం కింద అడ్డమొస్తుంది. ముగ్గురు కొడుకులు పంచుకుని దున్నుకుంటున్న ఆరెకరాల చెలక కాగితం మీద ఒక్కరిదే. కార్డు వేరు చేయించుకున్నాకే ఆదాయ పత్రానికి పోవాలి, వరుస తప్పితే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

ఇగ అసలు కొలత. కౌంటరు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది: "ఎంత వెయ్యమంటవు?" బట్టలు కొలిచినట్టు ఆదాయం అడుగుతారు. వచ్చే పత్రాల మీద అంకెలన్నీ గుండుసున్నాలతో ఉంటాయి, 48,000, 60,000 అట్లా. ఏ ఇంటి రాబడీ అంత నున్నగా ఉండదు.

ఇంత అబద్ధం ఎందుకంటే గీత గీసిన చోటు అట్లాంటిది. బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని కులాల పేద) పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే కుటుంబ ఆదాయం ఊళ్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటొద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఊరైనా పట్నమైనా 2 లక్షలు. లెక్క వేసి చూడండి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆలుమగలిద్దరూ అదే కూలికి ఏడాదిలో 250 రోజులు పనికి పోతే 1,53,500. సర్కారు తానే కట్టిన కూలి రేటుతో, తానే గీసిన పేదరికపు గీత దాటిపోతుంది! ఊళ్లో నిజం రాసే బీసీ, ఈబీసీ కూలి కుటుంబానికి ఫీజు రాదు. కాబట్టి మొదటి తప్పుడు అంకె రాసినవాణ్ని తిట్టే ముందు, ఆ గీతను ఇన్నేండ్లుగా కదపకుండా ఉంచినవాళ్లను అడగాలి.

అబద్ధం అందరికీ ఒక్క తీరుగా అందుబాటులో కూడా లేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (పరిశ్రమల వాడలో) మందుల కంపెనీలో బీసీ హెల్పర్‌కు నెలకు 14 వేలు అనుకుందాం. ఏడాదికి 1,68,000. జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ కోత ఉంటుంది, దాచే వీలు లేదు. అదే ఊళ్లో నాలుగు మడిగెల (షాపు గదుల) కిరాయి చేతికి తీసుకునేవాడికి, ప్లాట్ల కమీషన్ మీద బతికేవాడికి రాతలో ఏ గుర్తూ ఉండదు. వాళ్ల పత్రం మీద అరవై వేలు పడితే ఆపే ఆధారం గిర్దావర్ దగ్గర లేదు. నెల జీతం మొదటిసారి చూసిన ఇల్లు బయటికి, రాబడి కాగితం మీద పడని ఇల్లు లోపలికి. భూమి లెక్క కూడా ఇంతే. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాల వరి, మద్దూరు వైపు నాలుగెకరాల వర్షాధారపు చెలక, ఈ రెండింట్లో ఏది ఎక్కువ పండిస్తుందో పాసుపుస్తకం చెప్పదు. కౌలుకు దున్నేవాడైతే ఆ పుస్తకంలోనే లేడు.

పక్కనే అదే కౌంటర్లో ఈడబ్ల్యూఎస్ పత్రమూ ఇస్తారు, రిజర్వేషన్ లేని కులాల్లో ఆర్థికంగా బలహీనమైన ఇండ్లకు. దానికి కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఒకటి సీటులో వాటాకు, ఇంకొకటి ఫీజు డబ్బుకు అన్న తేడా ఉన్న మాట నిజమే. అయినా ఒకే తహసీల్దార్ సంతకంతో 7 లక్షల ఇల్లు "ఆర్థికంగా బలహీనం" కావడం, ఊళ్లో 1,60,000 రాబడి ఉన్న బీసీ కూలి ఇల్లు ఫీజు పొందేంత పేదది కాకపోవడం, ఆ బల్ల ముందు నిలబడి చూస్తేనే సరిగా కనపడుతుంది.

ఈపాస్ వెబ్‌సైటు ఇప్పుడు బాగానే తెరుచుకుంటుంది. తిప్పలంతా పేర్ల దగ్గరే. ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. చదువుకున్న ఇండ్లల్లో ఈ తేడా చిన్నప్పుడే పట్టుకుని దిద్దిస్తారు. బడి మొఖం చూడని తల్లిదండ్రుల పిల్లకు పేరు, పుట్టిన తేదీ అడ్మిషన్ నాడు సారు రాసిందే, ఆధార్‌లో క్యాంపు ఆపరేటర్ విన్నదే. దిద్దించేటప్పుడు గుర్తుంచుకోవాలి: ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మారుతుంది, పుట్టిన తేదీ ఒక్కసారే. మెమో పక్కన పెట్టుకుని, ఆపరేటర్ కొట్టిన స్పెల్లింగ్‌ను అక్షరం అక్షరం చదివాకే సరే అనాలి. పదో తరగతి ఫలితాలు రాగానే చేయించాల్సిన పని ఇది, ఆఖరి తేదీ ముందు కాదు.

బ్యాంకు దగ్గర ఇంకో పొరపాటు. ఖాతాకు ఆధార్ లింకు ఉందని బ్యాంకులో చెప్తే సరిపోదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే సర్కారు డబ్బు ఆధార్ నంబరు మీద ఏ ఖాతాకు పోవాలన్న నమోదు, ఆ ఖాతాకే ఉండాలి. పాత జీరో ఖాతా ఒక బ్యాంకులో, కొత్తది ఇంకో బ్యాంకులో ఉంటే మెయింటెనెన్స్ డబ్బులు (పిల్లల ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్) మరిచిపోయిన ఖాతాలోకి పోతాయి. దరఖాస్తు ఎక్కించాక ప్రింటు, జతపత్రాలు కాలేజీలో ఇచ్చి బయోమెట్రిక్ వేలిముద్ర పెట్టాలి. అది కానంతవరకు ఫైలు కదలదు. హాజరు 75 శాతం తగ్గితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా మంజూరు ఆగుతుంది. కూలికి పోయి చదువుకునే డిగ్రీ పిల్లలు ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడే.

మంజూరైతే ఎంత? ఇంజినీరింగ్‌లో ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకు పూర్తి ఫీజు, దాటితే సాధారణంగా 35,000. ఫీజు లక్ష ఉన్న కాలేజీలో సీటొస్తే మిగిలిన 65,000 ఇంటి మీదే. లక్షన్నర లోపు ఆదాయం ఉందని ధ్రువపత్రం తెచ్చిన ఇల్లు అది. అందుకే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ప్రతి కాలేజీ పక్కన ఫీజు రాసుకుని, 35,000 తీసేసి, మిగిలిందాన్ని నాలుగుతో గుణించి చూడాలి. ఊళ్లో అప్పు మూడు రూపాయల మిత్తికి పుడుతుంది, అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు.

స్టేటస్‌లో శాంక్షన్ అని కనపడితే కాలేజీకి డబ్బు చేరినట్టు కాదు. బిల్లు ట్రెజరీకి పోయి టోకెన్ పడి ఆగిపోవచ్చు. అట్లా పేరుకున్న బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతా బంద్ పెట్టాయి. చదువు అయిపోయాక కొన్ని కాలేజీలు "ముందు మీరు కట్టుండ్రి, సర్కారు పైసలొచ్చినంక వాపస్ ఇస్తం" అని టీసీ, మెమోలు పట్టుకుంటున్నాయి. కట్టక తప్పకపోతే కాలేజీ ముద్ర ఉన్న రసీదు తీసుకుని, అందులో ఏ ఏడాది రీయింబర్స్‌మెంట్ బకాయి కింద కట్టారో రాయించుకోవాలి. ఈపాస్ అప్లికేషన్ నంబరుతో స్టేటస్ పేజీని తేదీ కనపడేలా ప్రింటు తీసి దానికే పిన్ను కొట్టి పెట్టుకోండి.