హంటర్ నాణేల సూచిక: ఆన్ రాబర్ట్‌సన్ ఐదు సంపుటాలు

18వ శతాబ్దపు వైద్యుడు విలియం హంటర్ గ్లాస్గో విశ్వవిద్యాలయానికి వదిలివెళ్లిన రోమన్ చక్రవర్తుల నాణేలకు ఆన్ రాబర్ట్‌సన్ (1910–1997) తయారుచేసిన వివరణాత్మక సూచిక, 1962 నుంచి 1982 వరకు ఐదు సంపుటాలుగా వెలువడి, అగస్టస్ మొదలు జెనో దాకా సాగుతుంది. ప్రతి నాణేనికీ బరువు, టంకశాల, రెండు వైపులా ఉన్న అక్షరాలు, బొమ్మల వర్ణన ఇచ్చిన తీరులో ఎక్కడా తొందరపాటు కనిపించదు.

ఆమె కేవలం అల్మరా ముందు కూర్చున్న పండితురాలు కాదు. స్కాట్లాండ్‌లోని కాసిల్‌డైక్స్, బిరెన్స్ రోమన్ కోటలను స్వయంగా తవ్వించి, నాణెం దొరికిన మట్టి పొరకు ఎంత విలువ ఉంటుందో ఎరిగిన మనిషి. మహిళలు అరుదుగా ఉన్న ఈ రంగంలో ఆ విశ్వవిద్యాలయానికే చెందిన హంటేరియన్ మ్యూజియం నాణేల బాధ్యతను దశాబ్దాల పాటు మోశారు. బ్రిటన్‌లో బయటపడిన రోమన్ నాణేల నిధులపై ఆమె కూర్చిన బృహత్ పట్టిక మాత్రం ఆమె మరణానంతరం, 2000లో అచ్చయింది.

లోపమంటూ చెప్పాలంటే, ఫొటోలన్నీ సంపుటం చివర ఉండటంతో పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పక తప్పదు. కొత్తవారికి ఇది సులువైన పుస్తకం కాదు. అయితే నల్లగొండ ప్రాంతంలో దొరికిన అగస్టస్, టైబీరియస్ వెండి దీనారాలను గుర్తించాలనుకునే మన విద్యార్థికి మొదటి సంపుటం ఒక్కటైనా గ్రంథాలయంలో అందుబాటులో ఉండాలి.