కేసముద్రం దగ్గర రైలు కట్ట తెగింది, మేం బెజవాడలో దిగిపోయాం

2024 ఆగస్టు చివరివారంలో రాజమండ్రిలో మావయ్య వాళ్ళ గృహప్రవేశం అయింది, శ్రావణమాసం దాటితే మళ్ళీ ఆగాలని హడావిడిగా పెట్టుకున్నారు. నేనూ అమ్మా సికింద్రాబాద్ నుంచి వెళ్ళాం, పిన్నీ బాబాయీ సామర్లకోట నుంచి వచ్చారు, వాళ్ళు కూడా హైదరాబాద్‌లో కొడుకు దగ్గరకి వెళ్ళాలి కాబట్టి అందరం 31 శనివారం రాత్రికే టికెట్లు చేసుకున్నాం, కాకపోతే ఒకే రైల్లో దొరకలేదు. మాది ముందు రైలు, వాళ్ళది దాని వెనకాల గంటన్నరకి. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆ గంటన్నర తేడాతో రెండు కుటుంబాలు రెండు రకాలుగా ఇల్లు చేరాయి, ఏది నయం అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

శనివారం పొద్దుట్నుంచీ ఒకటే వాన. రాజమండ్రి స్టేషన్‌కి వచ్చేసరికి చీరలు, బ్యాగులు అన్నీ తడిసిపోయాయి. రైలు మాత్రం పెద్ద లేటేం లేకుండా వచ్చింది, ఎక్కి పడుకున్నాం. తెల్లవారుజామున మెలకువ వస్తే రైలు కదలట్లేదు, కిటికీలోంచి చూస్తే విజయవాడ ప్లాట్‌ఫామ్. టీ తాగి వచ్చాను, కదల్లేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను, కదల్లేదు. ఆరు దాటాక టీసీ వచ్చి "మహబూబాబాద్ అవతల పట్టాలు పోయాయండీ, ఈ బండి ఇంక ముందుకి వెళ్ళదు, దిగిపోవాలి" అన్నాడు. పట్టాలు పోవడం ఏంటి, దొంగలెత్తుకెళ్ళారా అని పక్క బెర్త్ పెద్దాయన జోకేశాడు. కాసేపటికి వాట్సాప్‌లో ఫోటోలు రావడం మొదలయ్యాక ఎవరూ నవ్వలేదు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట మొత్తం నీళ్ళు తోసుకుపోయి, కింద కంకర లేదు, మట్టి లేదు, పట్టాలూ స్లీపర్లూ నిచ్చెనలాగా గాల్లో వేలాడుతున్నాయి. మహబూబాబాద్, తాళ్ళపూసపల్లి వైపు కూడా అదే పరిస్థితి. రాత్రి ఆ వానలోనే పెట్రోలింగ్ చేస్తున్న ట్రాక్‌మెన్ చూసి చెప్పబట్టి రైళ్ళు ఎక్కడివక్కడ ఆపేశారు. మేం ఏసీలో దుప్పటి కప్పుకుని పడుకున్న టైంలో ఎవరో టార్చిలైట్ పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో కట్ట మీద నడుస్తున్నాడన్నమాట.

స్టేషన్లో ఆ ఆదివారం పొద్దున ఎంక్వైరీ దగ్గర జనం జాతరలా ఉన్నారు. కాజీపేట రూట్ మొత్తం బంద్, ఖమ్మం వరంగల్ వెళ్ళాల్సినవాళ్ళకి దారే లేదు. హైదరాబాద్ వాళ్ళకైనా గుంటూరు మీదుగా ఒక ఆశ ఉంది కానీ ఖమ్మం వాళ్ళు ఏం చేస్తారు, అక్కడ మున్నేరు ఊళ్ళోకి వచ్చేసిందని ఒకావిడ ఫోన్లో ఏడుస్తోంది. రోడ్డూ లేదు. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదకి మున్నేరు నీళ్ళు, కోదాడ దగ్గర నల్లబండగూడెంలో పాలేరు నీళ్ళు, హైదరాబాద్ విజయవాడ రోడ్డు రెండు చోట్ల కట్. అసలు నగరానికి ఇంత దగ్గర్లో ఉన్న రాయనపాడు స్టేషనే మునిగింది, అక్కడ ఆగిపోయిన వాళ్ళని కూడా బస్సులు పెట్టి విజయవాడకి చేర్చారు. వాళ్ళని చూశాక మా కష్టం కష్టంలా అనిపించలేదు, మేం కనీసం ప్లాట్‌ఫామ్ మీద దిగాం.

సరే, ఎక్కడ ఉండాలి. మొదట రిటైరింగ్ రూమ్ ట్రై చేశాను, ఆన్‌లైన్‌లో పీఎన్ఆర్ కొట్టి చూస్తే ఒక్కటీ ఖాళీ లేదు, ఇలాంటి రోజు ఖాళీ ఉంటుందనుకోవడం నా అమాయకత్వం. ఏసీ వెయిటింగ్ హాల్లో మూడు గంటలు కూర్చున్నాం. బాత్రూమ్ ఉంది, చార్జింగ్ ఉంది, అమ్మకి కూర్చోడానికి కుర్చీ దొరికింది, ఒక పూటకైతే ఇదే బెస్ట్ అని చెప్తాను. కానీ డెబ్భై దాటిన మనిషి మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో రాత్రి గడపలేదు కదా.

స్టేషన్ ఎదురుగా కనపడిన లాడ్జికి వెళ్ళాను, పేరు చెప్పను. బయట బోర్డు మీద డబల్ రూమ్ 1200 అని రాసి ఉంది, కౌంటర్లో కుర్రాడు 2800 అన్నాడు. బోర్డు చూపిస్తే "అది మామూలు రోజులకి సార్" అన్నాడు, ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి. రూమ్ మూడో అంతస్తు, కరెంట్ లేదు, లిఫ్ట్ ఆడదు, జెనరేటర్ సాయంత్రం వేస్తారట. అమ్మ మెట్ల వైపు ఒకసారి చూసి "పద నాన్నా, స్టేషన్లోనే ఉందాం" అంది. ఆటో అతనే చెప్పాడు గాంధీనగర్‌లో తెలిసిన చిన్న లాడ్జి ఉందని. కమిషన్ కోసం చెప్తున్నాడేమో అనుకుంటూనే వెళ్ళాం. గ్రౌండ్ ఫ్లోర్ రూమ్, 1500, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, గీజర్ లేదు కానీ బకెట్‌తో వేన్నీళ్ళు తెచ్చిపెట్టారు, ఓనరు భార్య అమ్మకి మధ్యాహ్నం ఇంత పెరుగన్నం పంపించింది, దానికి డబ్బులిస్తే తీసుకోలేదు. గోడలకి చెమ్మ ఉంది, టీవీ పనిచెయ్యదు, అయినా ఆ రోజుకి నాకది ఫైవ్‌స్టారే. వానాకాలంలో పెద్దవాళ్ళతో వెళ్తే రూమ్ బాగుందా లేదా తర్వాత చూడండి, ముందు గ్రౌండ్ ఫ్లోరా కాదా అడగండి.

ఆ ఆటో అతని ఇల్లు సింగ్‌నగర్‌లో. నడుం లోతు నీళ్ళు వచ్చాయని పెళ్ళాం పిల్లల్ని పొద్దున్నే బంధువుల ఇంటికి చేర్చి మళ్ళీ ఆటో తీశాడు. బుడమేరు కథ మొత్తం అతనే చెప్పాడు. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే వాగు అది, మామూలప్పుడు మురిక్కాలవలా ఉంటుంది, పోయి కొల్లేట్లో కలుస్తుంది. వెలగలేరు దగ్గర లాకులు పెట్టి వరదొస్తే కృష్ణలోకి మళ్ళించే కాలవ తవ్వారు, కానీ కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్ళు ఎటు పోతాయి, ఈసారి ఆ కాలవకే మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్ళు ఊరి మీద పడ్డాయి. "స్టేషన్‌కి ఇటు పక్క మీరు టీ తాగుతున్నారు, అటు పక్క మేం పడవ కోసం చూస్తున్నాం" అన్నాడు. నిజమే, గాంధీనగర్‌లో హోటళ్ళు తెరిచే ఉన్నాయి, సాయంత్రానికి పాల ప్యాకెట్లు మాత్రం దొరకడం కష్టమైంది. మీటర్ మీద ఎంతైనా అడుగుతాడేమో అనుకున్నాను, ఎనభై తీసుకున్నాడు.

ఇక పిన్నీ వాళ్ళ సంగతి. వాళ్ళ రైలు మా వెనకాల వచ్చింది కదా, దాన్ని విజయవాడ బయట గంటలకొద్దీ ఆపి ఆపి చివరికి గుంటూరు, నల్గొండ మీదుగా డైవర్ట్ చేశారు. మమ్మల్ని దింపేసి వాళ్ళని పంపించారేంటి అని నాకు కాసేపు కడుపు మండింది. దూరం చూస్తే ఆ రూట్ ఇంకా తక్కువే, కానీ గుంటూరు బీబీనగర్ మధ్య అప్పటికి దాదాపు అంతా సింగిల్ లైనే, 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కి 2023లో కేబినెట్ ఒప్పుకుంది కానీ ఒప్పుకోవడం వేరు పట్టాలు పడటం వేరు. రెండు లైన్ల మీద తిరగాల్సిన రైళ్ళన్నీ తెచ్చి ఒక్క లైన్ మీద పడేస్తే ఏమవుతుంది, ప్రతి స్టేషన్లో క్రాసింగే. నడికుడిలో రెండు గంటలు, విష్ణుపురంలో ఇంకో గంట, ప్యాంట్రీ లేదు, గృహప్రవేశం పులిహోర డబ్బాలో మిగిలింది కాబట్టి సరిపోయిందని పిన్ని చెప్పింది. పక్క కూపేలో పిల్లలకి కూడా పెట్టిందట. నీళ్ళు అయిపోయాయి, బాత్రూముల్లో కూడా నీళ్ళు అయిపోయాయి, అది అసలు నరకం అంది. కానీ పడుకునే వచ్చారు, బెర్త్ వాళ్ళదే, పైసా అదనంగా పెట్టలేదు.

బాబాయి మాత్రం నిద్రపోలేదట. "వలిగొండ దాటేదాకా కన్ను మూతపడలేదురా" అన్నాడు ఫోన్లో. 2005 అక్టోబర్ 29న ఇదే లైన్‌లో, వలిగొండ దగ్గర, పైన చెరువు తెగి చిన్న వంతెన కొట్టుకుపోతే అది తెలియక వచ్చిన డెల్టా ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. తెల్లారకముందే జరిగింది, అందరూ నిద్రలో ఉన్నారు. మా తరం వాళ్ళకి గుర్తుండదు కానీ బాబాయికి అప్పట్లో నల్గొండలో ఉద్యోగం. అందుకే నేను రైలు ఆపేశారని విసుక్కుంటే ఆయన ఒప్పుకోడు, ఆపారు కాబట్టే ఫోన్లో మాట్లాడుకుంటున్నాం అంటాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మేం సోమవారం పొద్దున బస్సుకి వెళ్ళాం. ఆదివారం రాత్రి యాప్‌లో ప్రైవేట్ బస్సు చూస్తే ఒక ఆపరేటర్ సీటు 2500 పెట్టాడు, మామూలుగా అప్పట్లో 600, 700కి వచ్చేది, అదీ ఏ రూట్లో వెళ్తుందో అడిగితే "వెళ్తుంది సార్" అంటాడు తప్ప రూటు చెప్పడు. వదిలేశాను. బస్టాండ్‌కి వెళ్తే ఆర్టీసీ వాళ్ళు గుంటూరు మీదుగా తిప్పి నడుపుతున్నారు, కిటికీ సీటు అమ్మకిచ్చాను. వారధి దాటుతుంటే బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. కృష్ణని అలా ఎప్పుడూ చూళ్ళేదు, ఎర్రగా, ఒడ్డు ఎక్కడో తెలియట్లేదు. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. అమ్మ కూర్చునే దణ్ణం పెట్టింది, ఎవరో రూపాయి బిళ్ళ విసిరారు, డ్రైవర్ మాత్రం రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, దాచేపల్లి, వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్‌పల్లి. రోడ్డు బాగుంది, కానీ విజయవాడ హైవే ట్రాఫిక్ అంతా దీని మీదకే వచ్చింది, లారీలు బారులు. పొద్దున ఎనిమిదికి ఎక్కితే ఎల్బీనగర్‌లో దిగేసరికి సాయంత్రం ఆరున్నర. మామూలుగా ఐదారు గంటల ప్రయాణం. మిర్యాలగూడ దగ్గర భోజనానికి ఆపారు, అన్నం వేడిగా ఉంది, పప్పు నీళ్ళు, బాత్రూమ్ గురించి మాట్లాడకపోవడం మంచిది. అమ్మ కాళ్ళు వాచిపోయాయి, రెండు రోజులు మంచం దిగలేదు.

కాబట్టి లెక్క చూస్తే మాకు లాడ్జి, బస్సు, ఆటోలు, తిండి కలిపి నాలుగు వేలు దాటింది, పిన్నీ వాళ్ళకి ఏమీ అవలేదు, ఇల్లు కూడా మాకంటే ముందే ఆదివారం అర్ధరాత్రికి చేరారు. నా ఓటు అందుకే డైవర్ట్ అయిన రైలుకే. మీ రైలు గుంటూరు మీదుగా వెళ్తోందని చెప్తే దిగకండి, ఎంత లేటైనా కూర్చోండి, నీళ్ళ సీసాలు రెండు ఎక్కువ కొనుక్కోండి. వయసులో ఉన్నవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే ఆర్టీసీ నయం. అమ్మ ఓటు మాత్రం ఇప్పటికీ గాంధీనగర్ లాడ్జికే, ఆ పెరుగన్నం గురించి ఊరంతా చెప్పింది.

రీఫండ్ గురించి చాలామంది అడిగారు. రైలు మొదలవకముందే పూర్తిగా క్యాన్సిల్ అయితే ఈ-టికెట్‌కి డబ్బులు వాటంతటవే వెనక్కి వస్తాయి, మనం ఏమీ చెయ్యక్కర్లేదు. మాలాగా దార్లో ఆపేస్తే మాత్రం టీడీఆర్, అంటే రీఫండ్ దరఖాస్తు, వెయ్యాలి. నేను వెయిటింగ్ హాల్లో కూర్చునే ఫోన్లో వేశాను, కొన్ని వారాలకి పడ్డాయి, కన్వీనియన్స్ ఫీజు రాలేదు. కౌంటర్ టికెట్ ఉన్నవాళ్ళు పాపం మళ్ళీ క్యూలోనే నిలబడాలి, జోకేసిన పెద్దాయన దగ్గర అదే ఉంది, రెండు గంటలు నిలబడ్డాడు. వదంతులు నమ్మొద్దు, రైల్వే హెల్ప్‌లైన్ 139కి కొట్టండి, రైల్వే వాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్‌లో రూట్ మారిందా లేదా కనపడుతుంది.

సెప్టెంబర్ 4కల్లా ఆ లైన్ మీద మళ్ళీ రైళ్ళు కదిలాయి. వందలమంది రాత్రీ పగలూ వానలో కంకర పోశారు, వీడియోలు చూశాను, అంత పని అన్ని రోజుల్లో అవుతుందని అనుకోలేదు.

దసరాకి మళ్ళీ రాజమండ్రి వెళ్ళాం, ఈసారి కావాలనే పగటి రైలు తీసుకున్నాను. వరంగల్ దాటాక అమ్మని కిటికీ వైపు కూర్చోబెట్టి ఇంటికన్నె రాగానే చూపించాను. కట్ట పక్కన కొత్త కంకర తెల్లగా ఉంది, రెండువైపులా వరి చేలు, దూరంగా గేదెలు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది. "నీళ్ళేవిరా ఇక్కడ?" అంది. అప్పటికే కేసముద్రం దాటిపోయాం.