విశ్వ విస్తరణ లెక్కకు ఏది మేలు: స్థిరాంకమా, కొత్త గురుత్వ సూత్రమా?

విశ్వ విస్తరణ నెమ్మదించడం లేదు, పైగా వేగం పుంజుకుంటోందని 1998లో దూరపు సూపర్‌నోవాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు, బయటపెట్టాయి. అప్పటి నుంచి తగువు ఒక్కటే: విస్తరణను తోసే కనపడని కృష్ణశక్తి ఉందనుకోవాలా, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలా? చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. యురేనస్ గమనం లెక్కకు అందకపోతే ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే కనపడని గ్రహాన్ని ఊహించాడు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి విషయంలోనూ అదే ఉపాయంతో వల్కన్ అనే గ్రహాన్ని ఊహిస్తే అది ఎక్కడా లేదు. 1915లో ఐన్‌స్టీన్ సూత్రాన్నే మార్చాక గానీ ఆ చిక్కు వీడలేదు.

విశ్వ స్థిరాంకం, అంటే శూన్యానికే ఉండే మారని శక్తి, కృష్ణశక్తికి అతి సరళమైన రూపం. దాని సంగతి త్వరగా తేలిపోతుంది. ఒకే ఒక్క సంఖ్య చేరిస్తే సూపర్‌నోవాలు, మహావిస్ఫోటం నుంచి మిగిలిన నేపథ్య వికిరణం, గెలాక్సీల పంపిణీ చాలావరకు కుదురుతాయి. కానీ శూన్యానికి ఉండాల్సిన శక్తిని క్వాంటం సిద్ధాంతంతో అంచనా కడితే, పరిశీలనల్లో తేలినదానికంటే ఒకటి పక్కన సుమారు 120 సున్నాలన్ని రెట్లు ఎక్కువ వస్తుంది. ఇంత తేడాను సర్దుకుపోవడం ఎవరికైనా కష్టమే.

సవరణల్లో అందమైనది 2000లో ద్వాలీ, గబడాడ్జే, పొరాటీ ప్రతిపాదించినది. బహుదూరాల్లో గురుత్వం ఐదో పరిమాణంలోకి జారిపోతుంది, కాబట్టి కృష్ణశక్తి లేకుండానే విస్తరణ వేగం పెరుగుతుంది. పాపం, అది పరిశీలనలకూ సరిపోలేదు, గణితంలోనూ అస్థిరంగా తేలింది.

అసలు పోటీ ఎఫ్-ఆర్ (f(R)) అనే సవరణ నమూనాలది. ఐన్‌స్టీన్ వాడిన స్థలకాల వక్రత (R) స్థానంలో వక్రత మీద ఆధారపడే ఒక ప్రమేయాన్ని పెడతారు. 2007లో హు, సావిస్కీ కట్టిన రూపంలో విస్తరణ చరిత్ర స్థిరాంకం ఇచ్చేదానికి దాదాపు నకలే. అంటే దూరాలు ఎంత కొలిచినా ఈ రెండూ విడిపోవు. నేటి విస్తరణ రేటు, అంటే హబుల్ విలువ, ఒక మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరానికి సెకనుకు 67, 73 కిలోమీటర్ల మధ్య ఊగిసలాడే తగాదాను ఇవి తీర్చలేకపోవడానికీ కారణం అదే. తేడా పదార్థం గుమిగూడే తీరులో ఉంటుంది: పలుచని చోట గురుత్వం మూడో వంతు దాకా బలపడుతుంది, సౌరకుటుంబం లాంటి చిక్కని చోట ఊసరవెల్లిలా పాత సూత్రం రంగులోకి మారిపోతుంది. అలా మారకపోతే, కాసినీ నౌకకూ భూమికీ మధ్య సూర్యుడి పక్కగా సాగిన రేడియో సంకేతాల కొలత 2003లోనే దీన్ని కొట్టిపారేసేది. ఈ దాగుడుమూత నాకు కాస్త అతిగా అనిపిస్తుంది.

2017 ఆగస్టు 17న వచ్చిన పరీక్షనూ ఎఫ్-ఆర్ దాటింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. గురుత్వ తరంగాలు అందాక 1.7 సెకన్లకే గామా కిరణాలు అందాయి. తరంగ వేగం కాంతి వేగానికి భిన్నమన్న గెలీలియాన్ అనే మరో రకం సవరణ నమూనాలు చాలావరకు ఆ దెబ్బతో పోయాయి. ఎఫ్-ఆర్‌లో రెండింటి వేగం ఒకటే.

విస్తరణ లెక్కకు నేనైతే స్థిరాంకాన్నే వాడతాను. కృష్ణశక్తి కాలంతో బలహీనపడుతోందేమోనని గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే 2024, 2025 ఫలితాలు సూచించాయి. అది స్థిరపడితే స్థిరాంకం ఓడుతుంది, కానీ అంతమాత్రాన సవరణ గెలిచినట్లు కాదు. మారే క్షేత్రం ఏదైనా ఆ పని చేయగలదు. గెలుపు తేలాల్సింది గెలాక్సీ గుచ్ఛాల దగ్గర. ఎఫ్-ఆర్‌లో కాంతి వంపు దాదాపు మారదు, గెలాక్సీల వేగాలు మాత్రం పెరుగుతాయి. కాంతి వంపు, వేగాలు అనే ఈ రెండు దారుల్లో లెక్కగట్టిన గుచ్ఛాల ద్రవ్యరాశులు పొంతన లేకుండా వస్తే, అప్పుడు సూత్రం మీద చేయి వేయక తప్పదు.